వల తాడు, గాలం దారం

మాఘమాసపు తెల్లవారుజామున పెరటి తొట్టిలో మెడదాకా మునిగి, పళ్లు టకటకలాడుతుంటే తాడుకు ముడులు వేసుకునే మనిషిని చూస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది. నా విషయంలో ఆ అనుమానం ముందుగా మా సంఘం పెద్దగారికి వచ్చింది. ఆదివారం ఆరాధన అయ్యాక నన్ను పక్కకు పిలిచి, గొంతు తగ్గించి, "మాఘస్నానాలు చేస్తన్నావంట, ఏంటయ్యా?" అని అడిగారు.

ఆయన కంగారు ఆయనది. మా ఇంట్లో తాతల నాడే బాప్తిస్మం తీసుకున్నారు. నాన్న గుడివాడ దగ్గర ఒక పల్లెలో ఉపదేశిగా పనిచేసి ఆ చుట్టుపక్కల అందరికీ తెలిసిన మనిషి. ఆయన కొడుకు బందరులో ఉద్యోగానికి వచ్చి ఇలా అయిపోయాడంటే మాట పడేది సంఘమే కదా. ఇది ఆఫీసు పనండీ అన్నాను. చన్నీళ్లలో కూర్చోబెట్టే ఆఫీసు ఎక్కడైనా ఉంటుందా అని ఆయన నమ్మలేదు. నమ్మించే ఓపిక నాకూ లేదు.

నిజానికి ఆఫీసు నన్ను కూర్చోమనలేదు. నేనే కూర్చున్నాను. చలినీళ్లలో చేతివేళ్లు ఎంతసేపు మాట వింటాయో నాకు తెలియాలి. వేళ్లు ముడి వేయగలిగినంతసేపే నేను నీటి అడుగున ఉండొచ్చు, ఆ తర్వాత ఉన్నా దండగే. ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న పిల్లలకు ఒంటికి అతుక్కునే రబ్బరు దుస్తులున్నాయి, లోతు చూపించే గడియారాలున్నాయి. సంతోషం. మాకు ఆముదం సీసా, ఊలు స్వెట్టరు ఉండేవి. వాటితోనే నేను నాచు అడవిలోకి మొదటిసారి దిగాను. ఎలా దిగానో చెబుతాను, ఎందుకంటే దిగడం కంటే దిగడానికి సిద్ధమవడమే పెద్ద పని అని ఈ వయసులో కూడా నా నమ్మకం.

అరవైల మొదట్లో సంగతి. రేవు వర్క్‌షాపులో నేను ఫిట్టర్ని. అంతకు ముందు ఏడాది మా వర్క్‌షాపుకు రెండు గాలి సిలిండర్లు వచ్చాయి. ఒకటి వీపుకు కట్టుకుని, గొట్టం నోట్లో పెట్టుకుంటే నీళ్లలోనే ఊపిరి పీల్చుకోవచ్చు. అప్పటిదాకా మునిగి పనిచేయడమంటే గుండెల నిండా గాలి పీల్చుకుని దిగడం, అది అయిపోయేలోపు తడుముకుని పైకి రావడం, అంతే. కొత్త సామాను వాడకం నేర్చుకోవడానికి ఎవరినో ఒకరిని పంపాలి. నేను కాలవల్లో ఈదుతూ పెరిగినవాణ్ని, మరమ్మతు తెలిసినవాణ్ని, పైగా ఎవరేమడిగినా నాకొచ్చు అనేవాణ్ని. నన్నే పంపారు.

పడమటి తీరంలో ఒక రేవు పట్టణంలో ఆ విద్య నేర్చుకున్నాను. మాకు నేర్పిన పెద్దాయన చలిదేశాల్లో పనిచేసి వచ్చినవాడు. ఆ సముద్రాల అడుగు నుంచి తాటిచెట్టంత ఎత్తుకు నాచు పెరుగుతుందనీ, దాని మధ్య తిరగడం అడవిలో తిరిగినట్టే ఉంటుందనీ చెప్పేవాడు. అందులోకి దిగినవాడు గిర్రున తిరగకూడదు, కాళ్లు చేతులు కొట్టుకోకూడదు, చిక్కుకుంటే ముందు ఆగాలి, ఆగి వచ్చిన దారినే వెనక్కి జరగాలి. బందరువాడికి ఈ గోలంతా ఎందుకని నేను ఆ పూట కునుకు తీశాను. అదృష్టం బాగుండి సగమే నిద్రపోయాను.

ఏడాది తిరక్కుండానే ఆ పాఠంతో పనిబడింది. దివిసీమలో అవనిగడ్డకు దిగువన, ఒక కాలవ చివర లాకు ఉంది. లాకుకు లోపలివైపు కృష్ణ నీళ్లు, బయటివైపు సముద్రపు పోటు ఎక్కే పాయ. రెంటినీ వేరుచేసేవి రెండు చెక్క తలుపులు. ఆ ఏడాది ఒక తలుపు పూర్తిగా మూసుకోవడం మానేసింది. అడుగున ఏదో అడ్డం పడి జానెడు సందు ఉండిపోయింది. పోటు వచ్చినప్పుడల్లా ఆ సందులోంచి ఉప్పునీళ్లు కాలవలోకి వస్తున్నాయి. కింది ఊళ్లవాళ్లు తాగేది ఆ కాలవ నీళ్లే. వేసవిలో కాలవ కట్టేసేలోపు వాళ్ల మంచినీళ్ల చెరువులు నింపుకోవాల్సింది కూడా వాటితోనే. మాఘ పౌర్ణమికి పెద్ద పోటు వస్తుంది. ఆ లోపు తలుపు పడకపోతే ఆ ఊళ్లు వేసవంతా ఉప్పునీళ్లే తాగాలి.

మామూలుగా అయితే మునిగేవాళ్లు దిగి చూసొస్తారు. కానీ లాకు ముందు మడుగులో నీళ్లు కదలక నాచు విపరీతంగా పెరిగింది. అడుగు నుంచి రెండు నిలువుల ఎత్తున, పైదాకా. ఊళ్లో ఇద్దరు ప్రయత్నించారు. మొదటివాడు సగంలోనే తిరిగొచ్చాడు. రెండోవాణ్ని జుట్టు పట్టుకుని బయటికి తీయాల్సివచ్చింది. పడవల మీంచి కొడవళ్లతో కోయిస్తే కోసిన నాచంతా వెళ్లి ఆ తలుపుకే అతుక్కుంది.

కాలవల ఇంజనీరు గారు బందరు వచ్చి మావాళ్లను అడిగారు. నెమ్మదైన మనిషి, ఎండ లేకపోయినా గొడుగు వదలరు. పౌర్ణమి లోపల అవుతుందా అని నన్నడిగారు. అవుతుందండీ అన్నాను. నాచు చూశావా అన్నారు. చూస్తానండీ అన్నాను.

మర్నాడు వెళ్లి చూశాను. లాకు తలుపులు తీసి వేసే ముసలి లస్కరు నన్ను గట్టు మీదికి తీసుకెళ్లి, నీళ్లు దోసిట్లోకి తీసుకుని నోట్లో పోసుకుని పుక్కిలించి ఊశాడు. రోజూ పొద్దున్నా సాయంత్రం అలా రుచి చూడటం తన అలవాటనీ, వారంగా తన ఇంట్లో కాఫీ కూడా ఉప్పగానే ఉందనీ చెప్పాడు. మాఘమాసం కాబట్టి మడుగు తేటగా ఉంది. వంగి చూస్తే లోపల నాచు మెల్లగా అటూ ఇటూ ఊగుతోంది, కొసలు మాత్రమే పైకి కనిపిస్తున్నాయి. నాకు భయం వేయలేదంటే మీరు నమ్మరు గానీ, వేయలేదు. ఎప్పుడు దిగుతానా అనిపించింది.

అక్కణ్నుంచి నా ఏర్పాట్లు మొదలయ్యాయి. మొదటిది చలి. మా ఆవిడ ఆడపిల్లల బళ్లో కుట్లు, అల్లికలు నేర్పే టీచరు. మందపాటి ఊలుతో ఒంటికి పట్టేసే స్వెట్టరు అల్లింది. లోపల ఒంటినిండా ఆముదం, పైన స్వెట్టరు. తొట్టిలో కూర్చుని చూస్తే ఉత్త ఒంటితో కంటే దాదాపు రెట్టింపు సేపు వేళ్లు ముడి వేశాయి. ఆముదం కంపుకు ఆ వారమంతా నా పడక వరండాలోకి మారింది, అది వేరే సంగతి. రెండోది నాచు. ఒంటి మీద వేలాడేది, పొడుచుకొచ్చేది ఏదీ ఉండకూడదని పట్టీల కొసలన్నీ కుట్టించాను, సిలిండరు మూతకు గుడ్డ చుట్టాను. చాకులు రెండు, ఒకటి పిక్కకు, ఒకటి ముంజేతికి. ఒక చెయ్యి చిక్కుకున్నా రెండో చేతికి ఒక చాకు అందాలి.

మూడోది తాడు. దిగినవాడికీ పైనవాడికీ మధ్య మాట్లాడుకునే దారి అదొక్కటే. ఒకసారి లాగితే బాగున్నాను అని. రెండుసార్లు లాగితే సడలించు అని. మూడుసార్లు లాగితే పైకి వస్తున్నాను అని. ఇంతకంటే సులువైన భాష లోకంలో లేదనుకున్నాను.

తాడు పట్టుకోవడానికి మా రేవు పడవ నడిపే సరంగును ఎంచుకున్నాను. కృత్తివెన్ను వైపు సముద్రపొడ్డున పల్లె ఆయనది. నాకంటే కాస్త పెద్దవాడు, దున్నపోతంత బలం, నోట్లోంచి మాట రావడమే తక్కువ. మేమిద్దరం ఒకరినొకరు బావా అని పిలుచుకునేవాళ్లం. మా రెండు కుటుంబాలకూ ఏ చుట్టరికమూ లేదు, కుదిరే వీలూ లేదు. కానీ పడవ మీద పదేళ్లు కలిసి పనిచేసినవాళ్లు ఒకరినొకరు ఇంకేమని పిలుచుకుంటారు?

వర్క్‌షాపు వెనక రేకుల షెడ్డులో అభ్యాసం పెట్టాను. లోపల నేను, గోడకు అవతల ఆయన, మధ్యలో తాడు. ఒకసారి లాగాను, ఊరుకున్నాడు. రెండుసార్లు లాగాను. అంతే, తాడుతో సహా నేను షెడ్డు గుమ్మం దాకా వచ్చి పడ్డాను.

సడలించాలి బావా అన్నాను. తెలుసు బావా అన్నాడు. మళ్లీ లాగాను, మళ్లీ ఈడ్చాడు. మూడోసారీ అంతే. వర్క్‌షాపులో పని మానేసి అందరూ చుట్టూ చేరారు. ఒకడు చప్పట్లు కొట్టాడు. సరంగు మొహం ఎర్రబడింది.

ఆయనకు తెలియక కాదు. అడిగితే మూడు సంజ్ఞలూ తడుముకోకుండా చెప్పేవాడు. కానీ ఊహ తెలిసినప్పటి నుంచీ ఆయన ఒడ్డున నిలబడి లాగే పెద్ద వలల తాళ్లు పట్టినవాడు. ఆ వలకు ఊరు ఊరంతా రెండు తాళ్ల దగ్గర నిలబడుతుంది. చేతిలో తాడు కదిలిందంటే లాగాల్సిందే. ఒకడు ఆగి ఆలోచించాడంటే చేపంతా పోతుంది. ఆలోచించకుండా లాగడమే అక్కడ పనితనం.

"నేను లాగట్లేదు బావా. చెయ్యే లాగేస్తంది. ఇంకెవర్నన్నా చూసుకో," అన్నాడు చివరికి.

వేరే మనిషిని చూసుకోవడానికి నాకు మనసొప్పలేదు. నీళ్లలో నా ప్రాణం ఒకరి చేతిలో పెట్టాల్సివస్తే ఆ చెయ్యి ఆయనదే అయ్యుండాలని నాకు గట్టిగా ఉంది. అలాగని ఆ చెయ్యి అలాగే ఉంటే చచ్చేదీ నేనే. నాచులో చిక్కుకున్నవాణ్ని పైనుంచి లాగితే చిక్కు ఇంకా బిగుస్తుంది. పెద్దాయన పాఠంలో నేను నిద్రపోకుండా విన్న ముక్క అదే.

రెండు రోజులు అలాగే గడిచాయి. మూడోరోజు మధ్యాహ్నం సరంగు అన్నం తిని, రేవు మెట్ల మీద కూర్చుని గాలం వేసుకుంటున్నాడు. నేను పక్కన కూర్చున్నాను. దారం ఆయన ఎడమ చూపుడువేలి మీద ఉత్తినే ఆని ఉంది. వేలు కొంచెం కదిలింది. ఆయన లాగలేదు. ఇంకొంచెం దారం వదిలాడు. మళ్లీ వదిలాడు. కళ్లు మాత్రం నీళ్ల మీదే ఉన్నాయి.

"ఇప్పుడెందుకు లాగలేదు?" అన్నాను.

"చేప ఇంకా నోట్లో పెట్టుకుని చూస్తంది. ఇప్పుడు లాగితే తెగుద్ది," అన్నాడు.

"మరి నన్ను కూడా చేపనుకో బావా. నేను వలలో పడలేదు, గాలానికి ఉన్నాను."

ఆయన నా వైపు చూసి నవ్వాడు. "ఇంత కంపు కొట్టే చేప మా ఏరులో లేదు," అన్నాడు.

ఆ సాయంత్రమే లావు తాడు తీసేసి, గాలానికి వాడే దారం కట్టాం. తుమ్మచెక్క కషాయంలో నానబెట్టి గట్టిపరిచిన నూలుదారం అది. ఒక కొస నా మణికట్టుకు, రెండో కొస ఆయన వేలి మీద. షెడ్డులోంచి రెండుసార్లు లాగాను. అవతల వేలు వదులైంది, దారం జారుతూ వచ్చింది. పదిసార్లు చూశాం, పదిసార్లూ వచ్చింది. వర్క్‌షాపులో ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు, అందరూ వెళ్లి ఎవరి పని వాళ్లు చూసుకున్నారు.

ఇంజనీరు గారికి ఇది నచ్చలేదు. ఆ దారంతో మనిషిని పైకి తీయడం కుదరదు కదా, నీకేమన్నా అయితే ఎలా అని అడిగారు. నన్నెవరూ తీయనక్కర్లేదండీ, దిగినవాణ్ని నేనే వస్తాను అన్నాను. ధైర్యంగానే అన్నాను. ఇంటికి వెళ్లి అదే ధైర్యంతో మా ఆవిడకూ చెప్పాను. ఆవిడ దారం తీసుకుని రెండు చేతులతో తెంపబోయింది. తెగలేదు, ఆవిడ అరచెయ్యి కోసుకుంది. ఆ చెయ్యి కొంగుకు తుడుచుకుంటూ, ఈ దారం పట్టుకునే ఆయన్ని ఒకసారి భోజనానికి పిలవమంది.

పిలిచాను. సరంగు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి, చేపల పులుసుతో తృప్తిగా తిన్నాడు. ఆవిడ ఆయన తినే చేతినే చూస్తూ వడ్డించింది. చెయ్యి కడుక్కున్నాక ఒక్కమాట అంది.

"అన్నయ్యగారూ, ఈయన లోపల ఉన్నంతసేపూ మీరు ఆ దారం మీంచి చూపు తిప్పకండి."

"తిప్పనమ్మా," అన్నాడు.

పౌర్ణమి రోజు ఆటు వేళ, పాయలో నీళ్లు దిగిపోయి తలుపు దగ్గర ఒరవడి లేనప్పుడు దిగాను. గట్టు మీద జనం బాగా చేరారు. అడ్డుపడినదేదో దొరికితే దానికి కట్టి లాగడానికి ఇంకో తాడు ఉంది, మోకు. దాన్ని పట్టుకోవడానికి ఊళ్లోంచి ఇరవై మంది దాకా వచ్చి వరసలో నిలబడ్డారు. నేను పైకి వచ్చాక, ఇంజనీరు గారు గొడుగు ఎత్తితేనే లాగాలని వాళ్లకు చెప్పాం. సరంగు లాకు గోడ అంచున కాళ్లు వేలాడేసుకుని కూర్చున్నాడు, ఎడమ చూపుడువేలి మీద నా దారం.

నీళ్లు తగలగానే ఊపిరి ఆగినట్టయింది. స్వెట్టరులోకి చలి ఒక్కసారిగా దూరి, తర్వాత నెమ్మదిగా సర్దుకుంది. తల ముంచాను.

అది ఎలా ఉందో చాలామందికి చెప్పాను, ఎవరికీ సరిగ్గా చెప్పలేకపోయాను. నిలువుగా నిలబడ్డ పచ్చటి తెరలు, వాటి మధ్య నుంచి జారుతున్న ఎండ. నేను మెల్లగా జరిగితే అవీ పక్కకు జరిగి దారి ఇచ్చాయి. ఒక కొర్రమీను నా ముఖానికి మూరెడు దూరంలో నిలబడి, ఈ కొత్త జంతువు ఏమిటా అన్నట్టు చూసి, తీరిగ్గా వెళ్లిపోయింది. నా ఊపిరి చప్పుడు తప్ప ఏమీ వినపడదు. నా ముప్పై ఏళ్ల ఉద్యోగంలో అంత సంతోషం మళ్లీ ఎప్పుడూ కలగలేదు. చలి కూడా మర్చిపోయాను.

తలుపు అడుగున దొరికింది. నల్లగా నానిపోయిన తాటిదుంగ. ఏ పిల్లకాలవ మీదో నడవడానికి వేసిన దుంగ కొట్టుకొచ్చి, తలుపుకూ అడుగు రాయికీ మధ్య ఇరుక్కుంది. మోకు చుట్టి ముడి వేశాను. తొట్టిలో వేసినంత సులువుగా పడింది. దారాన్ని ఒకసారి లాగాను, బాగున్నానని.

వెనక్కి జరగబోతే జరగలేకపోయాను. సిలిండరుకు నాచు చుట్టుకుంది. పాఠం ప్రకారం ఆగాను. దారం కూడా నాచులో మెలికపడి మణికట్టును పట్టేస్తోంది, అందుకని రెండుసార్లు లాగాను. వెంటనే సడలింది. మా సరంగు ఎంత ముద్దొచ్చాడో చెప్పలేను. చాకు తీసి వెనక నాచు కోస్తున్నాను. ఆ కదలికకు నా వీపు మీదుగా పోతున్న మోకు కాస్త ఊగి ఉంటుంది.

ఒక్క మనిషికి లాగకుండా ఉండటం నేర్పడానికి అన్ని రోజులు పట్టింది. మోకు పట్టిన ఇరవై మందికి గొడుగు సంగతి ఒక్కసారి చెప్పి ఊరుకున్నాం. ఇంజనీరు గారికి గానీ, నాకు గానీ, ఎవరికీ తట్టలేదు. వాళ్లూ తాళ్లు లాగి బతికేవాళ్లే. మోకు కదలగానే వరసలో ఎవరో కదిలిందన్నారట. ఇంజనీరు గారు వద్దు వద్దంటున్నా హైలెస్సా పాటలో ఆయన గొంతు వినపడలేదట.

నాకు తెలిసింది మాత్రం మోకు బిగియడమే. నా మెడకూ సిలిండరుకూ మధ్య పడి నన్ను రాతిగోడకు అదిమేసింది. గాలి గొట్టం నలిగి, పీల్చితే కొంచెమే వస్తోంది. మోకు కోద్దామంటే చాకు పట్టిన చెయ్యి గోడకూ ఒంటికీ మధ్య ఇరుక్కుంది. కదిలేది దారం కట్టిన మణికట్టు ఒక్కటే. రెండుసార్లు లాగాను. దారం సడలింది, మోకు సడలలేదు. మళ్లీ రెండుసార్లు. మళ్లీ. అప్పుడు మాత్రం భయపడ్డాను. మా ఆవిడ తెంపబోయిన దారం, కోసుకున్న అరచెయ్యి గుర్తొచ్చాయి.

ఉన్నట్టుండి మోకు మొత్తం వదులైపోయింది. మెత్తగా నా భుజం మీంచి జారి నాచులో పడింది. గొట్టంలోకి గాలి వచ్చింది. కాసేపు ఊపిరి మాత్రం పీల్చుకుంటూ ఉండిపోయి, తర్వాత మిగిలిన నాచు కోసుకుని, మూడుసార్లు లాగి పైకి వచ్చాను.

పైన గలాటాగా ఉంది. ఇరవై మందీ గట్టు మీద ఒకరి మీద ఒకరు వెల్లకిలా పడి లేస్తున్నారు. సరంగు అక్కడే, అంచునే కూర్చుని ఉన్నాడు. కుడిచేతిలో ఆయన చేపల చాకు ఉంది, పక్కన తెగిన మోకు కొస ఉంది. ఎప్పుడూ గొంతు పెంచని ఇంజనీరు గారు ఆయన మీద అరుస్తున్నారు. పోటు తిరిగే వేళవుతుంటే మోకు కోసేస్తావా, ఎవరు కోయమన్నారు అని.

సరంగు దారం మీంచి చూపు తిప్పకుండానే, నీళ్లలో తేలుతున్న నన్ను గడ్డంతో చూపించాడు.

"ఆయనే చెప్పాడండి. రెండుసార్లు లాగాడు, సడలించమని. నా చేతిలోది సడలించాను. మళ్లీ లాగాడు, మళ్లీ సడలించాను. అయినా అడగతానే ఉన్నాడు. నా దగ్గర సడలించడానికి ఇంకేం లేదు. మీ తాడొకటే ఉంది."

ఇంజనీరు గారు నా వైపు తిరిగారు. చెయ్యెత్తి రెండు వేళ్లు చూపించాను. ఆయన ఆ వేళ్లు చూశారు. తర్వాత గొడుగు కింద పెట్టి, సరంగు పక్కన గోడ మీద కూలబడ్డారు.

ఇంక ఈ పూటకు వద్దు, పోటు వస్తే రానీ అన్నారు ఆయన. ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నారు. కానీ లస్కరు పాయ వైపు చూస్తున్నాడు. అక్కడ నీళ్ల మీద చెత్త అప్పటికే ఇటు తిరగడం మొదలైంది. నాకు తెలిసినంతవరకు దుంగకు కట్టిన ముడి గట్టిది, తెగిన మోకు కొస నాచులోనే ఎక్కడో ఉంది. రెండో సిలిండరు నిండుగా ఉంది. వేళ్లు ముడిచి తెరిచి చూసుకున్నాను. ఇంకో ముడికి సరిపోతాయి. తొట్టిలో కూర్చున్నది ఉత్తినే కాదు కదా.

సరంగు వద్దనలేదు. ఒక్క షరతు పెట్టాడు. మోకు పట్టేవాళ్లు ఇరవై మందీ దాన్ని నేల మీద పెట్టి, గట్టు మీద బాసింపట్టు వేసుకుని, రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని కూర్చోవాలి. పెద్దవాళ్లు, పిల్లల తండ్రులు, బడిలో దెబ్బలు తినబోయే పిల్లల్లా నెత్తిన చేతులు పెట్టుకుని కూర్చున్నారు. ఎవరూ నవ్వలేదు.

రెండోసారి నాచు అందం చూడలేదు. కొస వెతికాను, కొత్త మోకుకు కలిపి ముడి వేశాను. చివరి చుట్టు దగ్గర వేళ్లు నావి కావనిపించింది, పళ్లతో బిగించాను. మూడుసార్లు లాగాను, వచ్చేశాను. నన్ను గోడ మీదికి లాక్కుని గొంగళి కప్పాక గానీ ఇంజనీరు గారు గొడుగు ఎత్తలేదు.

అప్పుడు సరంగు లేచాడు. నా దారం వేలికి చుట్టుకుని, వెళ్లి మోకు ముందు కొస పట్టుకున్నాడు. అన్ని రోజులుగా బిగబట్టుకున్నదంతా ఆ లాగుడులో పెట్టినట్టున్నాడు. హైలెస్సా అని మొదలుపెట్టింది కూడా ఆయనే. తాటిదుంగ నల్లటి మొసలిలా పైకి లేచింది. లస్కరు చక్రం తిప్పాడు. తలుపు కదిలి, కదిలి, వెళ్లి రెండోదానికి ఆనుకుంది.

పొద్దు గుంకే వేళకు బయటివైపు పోటు పెరుగుతుంటే అందరం గట్టు మీదే ఉన్నాం. లోపలి నీళ్లు కదల్లేదు. లస్కరు తలుపు పక్కన లోపలివైపు దిగి దోసిట్లో నీళ్లు తీసుకుని నోట్లో పోసుకున్నాడు. ఊశాడు. ఇంకో దోసెడు తీసుకున్నాడు. రేపటికి ఉప్పు ఇంకా తగ్గుద్దండీ, ఎల్లుండికి చెరువులకు పెట్టుకోవచ్చు అన్నాడు. ఊరివాళ్లలో ఒకావిడ ఏడ్చేసింది.

బందరుకు లారీలో వెళ్తున్నాం. తూర్పున చంద్రుడు పైకి వచ్చాడు. తడిసిన ముడి బిగుసుకుపోయి మణికట్టు మీది దారం రాలేదు. చాకుతో కోయబోతే సరంగు వద్దన్నాడు. పగలంతా నీళ్లలో నిలిచిన దారం, ఊరికే కోసుకుంటామా, ఆరితే అదే వస్తుందన్నాడు. ఇరవై మంది పట్టిన మోకును ఒక్క వేటుకు కోసినవాడు! రెండో కొస తన వేలి మీదే ఉంచుకుని, లారీ పలకకు ఆనుకుని, చల్లపల్లి దాటకముందే నిద్రపోయాడు. వేలు దారం ఒరుసుకుని పచ్చిపుండులా ఉంది.

గతుకుల్లో గొంగళి జారిపోయింది. దాన్ని అందుకోవడానికి చెయ్యి చాచాను, అందలేదు. మళ్లీ చాచాను. రెండుసార్లు దారం లాగినట్టయింది. ఆయన కళ్లు తెరవలేదు. గురక కూడా ఆగలేదు. వేలు మాత్రం వదులైంది, మూరెడు దారం నా వైపు జారింది.

బందరు వచ్చేదాకా నేను ఆ చెయ్యి కదపలేదు.